పళ్ళెం అడుగున పేరు

నెల్డా హట్టో వంటింటి సొరుగులో కాగితపు టేపు చుట్ట ఒకటి, నల్ల సిరా పెన్ను ఒకటి ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి. ఊళ్ళో ఎవరైనా పోయారని తెలిస్తే ఆమె ముందు పొయ్యి దగ్గరికి వెళ్ళదు, ఆ సొరుగు దగ్గరికి వెళ్తుంది. పెద్ద తెల్ల పళ్ళేన్ని బోర్లించి, అడుగున టేపు ముక్క అంటించి, దాని మీద తన పేరు రాస్తుంది. పిండి సంగతి ఆ తర్వాతే.

చావింటికి ఆ పూట ఊరు ఊరంతా వండిపెడుతుంది. వేయించిన కోడి, పంది తొడ, బీన్సు, మొక్కజొన్న రొట్టె, కేకులు. ఏ గిన్నె ఎవరిదో తేల్చుకునే ఓపిక ఆ ఇంటివాళ్ళకు ఉండదు కాబట్టి అడుగున పేరు ఉండాలి. పెళ్ళికో పుట్టినరోజుకో తీసుకెళ్ళే పళ్ళేనికి మాత్రం ఎవరూ పేరు అంటించరు. అంటిస్తే, నా పళ్ళెం నాకు పడేయండి అని గుమ్మంలోనే అడిగినట్టుంటుంది. మా పాప్లిన్ క్రాసింగ్ ఊళ్ళో పిల్లలకు కూడా తెలిసిన మర్యాద ఇది.

నెల్డా చేసేది పొరల కేకు. అలబామాకు ఈ ఆగ్నేయ మూల, వేరుశనగ పండే ఈ ఇసుక నేలల్లో, పొరల కేకంటే రెండు లావుపాటి పొరలు, మధ్యలో ఇంత క్రీము నురగ అని కాదు. అట్టంత పలుచని పొరలు విడివిడిగా కాల్చి, ఒక్కొక్కదాని మీదా మరుగుతున్న చాక్లెట్ పాకం పోసి, దాని మీద ఇంకొకటి, ఇంకొకటి పేర్చుకుంటూ పోవాలి. పొర వేడిగా ఉండాలి, పాకమూ వేడిగా ఉండాలి. అప్పుడే పాకం లోపలికి ఇంకుతుంది. చల్లారిన పొర మీద పోస్తే పైనే జారి, పళ్ళెంలో మడుగు కడుతుంది. ముక్క కోయగానే ఇక్కడి ఆడవాళ్ళు రుచి కన్నా ముందు పొరలు లెక్కపెడతారు. చూపుతోనే లెక్కపెట్టేసి, ఏమీ ఎరగనట్టు ముఖం పెడతారు.

ఇది ఇద్దరి పని. ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు పళ్ళెం దగ్గర. ఒక్కరే చేస్తే పొర తీసేలోపు పాకం గడ్డకడుతుంది, పాకం కలిపేలోపు పొర మాడుతుంది.

హట్టో ఇంట్లో ఆ ఇద్దరూ తోడికోడళ్ళు. పెద్దకోడలు వాన్సీల్ పాకం కలిపేది. చిన్నకోడలు నెల్డా పొరలు కాల్చేది. అత్తగారు ఓరా, పెళ్ళయిన పెద్దావిడల్ని కూడా ఇక్కడ మర్యాదకి మిస్ అంటారు కాబట్టి మిస్ ఓరా, మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని ఇద్దర్నీ తిట్టేది. "నెల్డా, ఆ పొర ఏమంటోందో విను! వాన్సీల్, ఆ గరిటె తిప్పుతున్నావా, విసురుకుంటున్నావా?" పొరను వినడం నెల్డాకు ఆవిడ నేర్పిన విద్యే. పొర కాలే రేకు పళ్ళేన్ని పొయ్యి లోపల్నుంచి తీసి చెవి దగ్గర పెట్టుకుంటే, ఉడకని పిండి సన్నగా చిటపటలాడుతుంది. ఆ చప్పుడు ఆగీ ఆగకముందే తీసేయాలి. పూర్తిగా ఆగిందంటే ఎండిపోయినట్టు. చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టీ కుట్టీ, ఆ మిషన్ల రొదలో నెల్డా కుడి చెవి మొద్దుబారింది. అందుకని ఎడమ చెవితో వింటుంది. ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయినా కుడి చెయ్యి ఇంకా ఎదురుగా గుడ్డ ఉన్నట్టే ముందుకు జరుగుతుంటుంది.

మిస్ ఓరా పోయాక ఆవిడ రేకు పళ్ళేలను కోడళ్ళిద్దరూ చెరిసగం పంచుకున్నారు. పంచుకున్నారన్న మాటే గానీ, కేకు ఎవరింట్లో చేస్తే ఆ ఇంటికి అన్నీ కలిసే వెళ్ళేవి. అలా సాగుతుండగా అన్నదమ్ములకు చెడింది.

చెడిన కారణం చెబితే నవ్వొస్తుంది. వేరుశనగ మొక్కల్ని పెకలించి తిరగేసే యంత్రం ఒకటి ఇద్దరికీ ఉమ్మడి. పెద్దవాడు డ్యూయీ ఒక ఏడు దాన్ని చేలోనే వదిలేశాడు. శీతాకాలమంతా వానలో నాని తుప్పు పట్టింది. చిన్నవాడు హోయిట్ దాన్ని చూసి అన్నగారితో ఒక మాటన్నాడు. డ్యూయీ తిరిగి రెండన్నాడు. ఆ రోజు నుంచి ఒకరి కారు ఎదురైతే మరొకరు తల తిప్పుకునేవారు. చర్చిలో చెరో పక్కన కూర్చున్నారు. భార్యలు వాళ్ళ పక్కన కూర్చున్నారు. కేకుల పని ఆగిపోయింది.

తర్వాత డ్యూయీ పోయాడు. వేరుశనగ పొలంలోనే, ట్రాక్టర్ మీద.

ఆ రోజు నెల్డా టేపు అంటించి, పేరు రాసి, కేకు చేసింది. ఒంటరిగా చేసిన మొదటి కేకు అదే. అది బల్ల మీద పెట్టి చూస్తే గోడ మేకుకి కారు తాళాలు లేవు. హోయిట్ జేబులో వేసుకుని చేలోకి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా నెల్డా తలకి దువ్వెన పెట్టి, మంచి గౌను వేసుకుని, ఆ బల్ల దగ్గరే కూర్చుంది. తమ్ముడు ఒక్కడే అన్న ఖననానికి వెళ్ళాడు, వెనక వరుసలో నిలబడి వచ్చేశాడు. కేకు మాత్రం ఆ బల్ల మీదే ఎండిపోయింది.

"నడిచి వెళ్ళొచ్చుగా?" అని నేను ఒకసారి అడిగాను. మా రెండిళ్ళకూ మధ్య ఒక కంచె అంతే, ఇలాంటివి అడిగే చనువు ఉంది.

"వెళ్ళొచ్చు," అంది నెల్డా. "అదేనమ్మాయ్ సమస్య. నడిచి వెళ్ళొచ్చు."

ఆ తర్వాత హోయిట్ కూడా పోయాడు. అప్పుడు నెల్డా గుమ్మం ముందు ఒక కేకు కనిపించింది. తలుపు తట్టిన చప్పుడు లేదు. పళ్ళెం కింద టేపు, టేపు మీద 'వాన్సీల్'. పొరలు వంకరటింకరగా ఉన్నాయి, కొన్నిచోట్ల మాడాయి. వాన్సీల్‌కి పొయ్యి పని ఎప్పుడూ చేతకాదు. పైన పాకం మాత్రం అద్దంలా ఉంది. నెల్డా ఆ పళ్ళేన్ని నిండా అత్తిపళ్ళతో నింపి, చర్చి కుర్రాడి చేత పంపింది. తాను వెళ్ళలేకపోయింది. తను చెయ్యని పని అవతలి మనిషి చేసి చూపించాక ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలి? ఇవాళ, రేపు, ఈస్టరుకు అనుకుంటూ పదకొండేళ్ళు గడిపేసింది.

ఆ ఆగస్టులో ఒక శనివారం పొద్దున, గ్యాస్ బండి నడిపే లోమాక్స్ కోడిగుడ్ల కోసం నెల్డా ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే కాఫీ తాగుతున్నాను. టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వాడు టోపీ తీశాడంటే ఏదో ఉందన్నమాటే.

"మిస్ నెల్డా, మీకు తెలిసే ఉంటుంది."

"ఏం తెలియాలిరా?"

"మిస్ వాన్సీల్ ఇంటి ముందు నుంచే వస్తున్నా. శవపేటికల వాళ్ళ వ్యాను ఆగింది. కుర్చీలు దించుతున్నారు, ఆ తెల్ల మడత కుర్చీలు. అప్పుడే ఆరేడు కార్లు కూడా వచ్చేశాయి."

ఆ కుర్చీలు ఎవరి వాకిట్లో దిగితే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. వీపు మీద ఆ కంపెనీ పేరు కూడా ఉంటుంది. పైగా వేసవి మొదట్లో వాన్సీల్‌ని గుండె నొప్పితో ఆస్పత్రిలో చేర్చారని అందరికీ తెలుసు. ఆ ఇంట్లో ఉండేది కూడా ఆవిడ ఒక్కతే.

నెల్డా గుడ్ల బుట్ట వాడి చేతిలో పెట్టింది. "ఎన్ని కావాలో తీసుకో," అని లోపలికి వెళ్ళింది. సొరుగు తెరిచిన చప్పుడు వినిపించింది.

నేను వెనకే వెళ్ళాను. "ఒకసారి ఫోన్ చేసి కనుక్కుందామా?"

"చావింటికి ఫోన్ చేసి 'ఎవరు పోయారండీ' అని అడుగుతావా? మీ అమ్మ నీకు ఇదే నేర్పిందా?" పేరు రాస్తోంది. అక్షరాలు వంకర పోయాయి. ఆ ముక్క పీకేసి ఇంకొకటి అంటించి మళ్ళీ రాసింది.

గిన్నెలో వెన్న, పంచదార వేసి చెక్క గరిటెతో రుద్దడం మొదలుపెట్టింది. మిషను ఉంది, దాన్ని తీయలేదు. గుడ్లు ఒక్కొక్కటే కొట్టి వేసింది. మైదా కొంత, పాలు కొంత, మళ్ళీ మైదా. పిండి గరిటె నుంచి జారుతూ మడతలు పడేదాకా కలిపింది. మిస్ ఓరా రేకు పళ్ళేలకు వెన్న రాసి, అడుగు కనిపించీ కనిపించనంత పలుచగా పిండిని గరిటె వెనకతో పరిచింది. తన వాటా పళ్ళేలు మూడే. మూడు లోపల, మూడు బయటికి, మళ్ళీ మూడు.

పక్క పొయ్యి మీద పాకం. పంచదార, కోకో, డబ్బా పాలు, వెన్న. పొంగు వచ్చి, బుడగలు పెద్దవై, గరిటె నుంచి బరువుగా బొట్లు పడేదాకా మరిగించాలి.

"నేను పాకం పోస్తాను, మీరు పొరలు చూసుకోండి," అన్నాను.

"నువ్వా? పోయిన క్రిస్మస్‌కి నువ్వు పోసిన పాకం నా కేకు మీద కన్నా నేల మీద ఎక్కువుంది. కూర్చో."

కూర్చున్నాను. ఆమె పొర తీస్తుంది, ఎడమ చెవి దగ్గర పెట్టి వింటుంది, పళ్ళెంలో బోర్లిస్తుంది. పాకం పోసి, గరిటెతో అంచుల దాకా నడిపిస్తుంది. ఈలోగా లోపల ఇంకొకటి పిలుస్తుంటుంది. పాకం గట్టిపడితే కొంచెం పాలు పోసి మళ్ళీ వేడి చేస్తుంది. ఒక పొర అడుగు నల్లబడింది. దాన్ని పారేయకుండా అలాగే పేర్చేసింది. నెల్డా అలా చేయడం నేనెప్పుడూ చూడలేదు. ఆరో ఏడో పొర దగ్గర చెవికి ఆనించుకున్న రేకు పళ్ళెం ఇంక కిందికి దించలేదు. అలాగే నిలబడిపోయింది.

"చప్పుడు ఆగిపోయిందా?" అన్నాను.

"ఎప్పుడో ఆగిపోయింది," అంది. ముఖం అటు తిప్పుకుంది. "డ్యూయీ పోయినప్పుడే ఇవ్వాల్సిందమ్మాయ్ ఇది. వాన్సీల్ బతికుండగా ఇవ్వాల్సింది. ఇప్పుడు ఎవరికి ఇస్తున్నాను? కోడలికీ మనవలకీ. వాళ్ళకి ఇది కేకు, అంతే."

పైన మిగిలిన పాకమంతా పోసింది. పక్కలకి కారింది. ఒకచోట గడ్డకట్టి పగిలింది. ఆమె దాన్ని చూసింది కూడా, కానీ సరిచేయలేదు.

కంటి ఆపరేషన్ తర్వాత ఆమె కారు నడపడం మానేసింది. నేను నడిపాను. కేకు ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ చుట్టూ వేసి కూర్చుంది. దారి పొడుగునా వేరుశనగ పొలాలు. కొన్నిచోట్ల అప్పుడే పెకలించి తిరగేశారు, పచ్చి మట్టి వాసన కారులోకి వస్తోంది. ఆమె చూపు కేకు మీదే. వాన్సీల్ ఇంటి మలుపు దగ్గర మాత్రం, "నెమ్మదిగా. పొరలు జారతాయి," అంది.

వాకిట్లో కార్లు. పెకాన్ చెట్టు నీడన తెల్ల కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి, వీపుల మీద కంపెనీ పేరు. నలుగురు మగవాళ్ళు ఉతికిన చొక్కాల్లో నిలబడి ఉన్నారు. అంతా లోమాక్స్ చెప్పినట్టే ఉంది. తిండి తెచ్చేవాళ్ళు వెనక తలుపు నుంచే వెళ్ళాలి కాబట్టి మేం ఇంటిని చుట్టి వెళ్ళాం. పళ్ళెం ఒక పక్క ఆమె పట్టుకుంది, ఒక పక్క నేను.

వలతలుపు అవతల, గిన్నెల తొట్టి దగ్గర, నిమ్మకాయలు కోస్తూ నిలబడి ఉంది వాన్సీల్. తల మీద బంగారు రంగు అట్ట కిరీటం.

పళ్ళెం నెల్డా వైపు ఒక్కసారిగా బరువెక్కింది. నేను గట్టిగా పట్టుకున్నాను.

వాన్సీల్ తలతిప్పి చూసింది. తర్వాత కత్తి కింద పెట్టి అంది, "నిలబడ్డారేం? లోపలికొచ్చి తలుపెయ్యండి, ఈగలు దూరుతున్నాయి."

ఇన్నేళ్ళ తర్వాత వాళ్ళ మధ్య మొదటి మాట అది.

అప్పుడు వాన్సీల్ కోడలు షార్లా ముందు గదిలోంచి వచ్చింది. "అయ్యో దేవుడా! మిస్ నెల్డా! అత్తయ్యకి ఎనభై నిండాయని గుర్తుపెట్టుకుని కేకు చేసుకొచ్చారా? చూడండత్తయ్యా, ఎవరొచ్చారో!" నేను పళ్ళేన్ని బల్ల అంచున పెట్టగానే, ఆమె నెల్డాని గట్టిగా కౌగిలించుకుంది. ఆ భుజం మీంచి నెల్డా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. నవ్వాలో ఏడవాలో తెలియక, రెండూ ఒకేసారి వచ్చేస్తే ఎలాగా అని భయపడుతున్న చూపు. అక్కడున్న కుర్చీలో కూర్చుంది. ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "అమ్మయ్య," అంది. ఆ మాట ఎందుకో షార్లాకి తెలియదు. ఎండ వల్ల అనుకుని మంచినీళ్ళిచ్చింది.

బల్ల మీద కొట్లో కొన్న కేకు ఉంది. తెల్లటి నురగ, నీలం గులాబీలు, మధ్యలో పేరు. వాన్సీల్ దాన్ని పక్కకి జరిపి, పొరల కేకుకి చోటు చేసి, అక్కడ పెడదామని మా పళ్ళేన్ని రెండు చేతులతో ఎత్తింది. ఎత్తి, అలాగే ఆగింది. అడుగున ఆమె వేళ్ళు ఏదో తడుముతున్నాయి. పళ్ళేన్ని కళ్ళ పైకి లేపి, కిందనుంచి చూసింది.

"షార్లా."

"ఏంటత్తయ్యా?"

"పిల్లలకి నిమ్మరసం పొయ్యి. అక్కడే ఉండు కాసేపు."

షార్లా వెళ్ళింది. నేను వలతలుపు దగ్గర నిలబడి ఉన్నాను. వెళ్ళమని నాతో ఎవరూ అనలేదు, నేనూ కదల్లేదు.

"నెల్డా."

"ఊఁ."

"ఎవరు పోయారే ఈ ఇంట్లో?"

నెల్డా గ్లాసులోకి చూస్తోంది. "లోమాక్స్ గాడు చెప్పాడు. కుర్చీలు దించుతుంటే చూశాట్ట."

"కుర్చీలా?" వాన్సీల్ కిరీటం తీసి బల్ల మీద పడేసింది. "మరి నా బలగాన్నంతా ఎండలో నిలబెట్టనా? ఊళ్ళో ఇన్ని కుర్చీలు ఇంకెవరి దగ్గరున్నాయి? ఆ కంపెనీ వాళ్ళు మా ఇంట్లోంచి ఇద్దర్ని శ్మశానానికి తీసుకెళ్ళారు, ఒక పూటకి కుర్చీలు ఇవ్వరా? పైగా అడిగితే ఆ కుర్రాడు ఏమన్నాడో తెలుసా? 'మీరు చెప్పిన రోజుకి తెస్తాం మిస్ వాన్సీల్, తొందరేం లేదు' అన్నాడు. ముందు వాడి జుట్టు పీకుదామనుకున్నా."

నెల్డా నవ్వింది. నవ్వు మొదలై, ఆగలేదు. వాన్సీల్ కూడా మొదలుపెట్టింది. ఒకరు కుర్చీని, ఒకరు బల్లని పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ నవ్వుతూ.

"ఏడ్చావా అయితే?" అడిగింది వాన్సీల్.

"పిండి దగ్గర ఏడవలేదు. పాకం దగ్గర."

"అదే అనుకున్నా. చూడు, ఈ అంచున ఎలా పగిలిందో."

"ఒక్కదాన్నే కదా. ఎన్ని చేతులుంటాయి నాకు?"

"నాకు తెలియదా? హోయిట్ పోయినప్పుడు నేను పంపింది నువ్వు చూడలేదా? బూట్ల అట్టల్లా ఉన్నాయి పొరలు."

బయట పిల్లలు అరుస్తున్నారు. నెల్డా గ్లాసు కింద పెట్టింది.

"డ్యూయీ పోయినప్పుడు చేశాను, వాన్సీల్. నీకు తెలియాలి. చేశాను. బల్ల మీదే ఉండిపోయింది."

"తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? నువ్వు చెయ్యకుండా ఉంటావా?" వాన్సీల్ సొరుగులోంచి పొడుగు కత్తి తీసింది. "ఆయన్ని మట్టిలో పెట్టేదాకా మీ రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నా. ఆ తర్వాత కూడా చాలా రోజులు చూశా. ఆ తర్వాత కోపం వచ్చింది. ఆ తర్వాత అదీ పోయింది. ఏం చేస్తాం, ఎవరో ఒకరు ముందు రావాలిగా. నేను చచ్చానంటే గానీ నువ్వు కదల్లేదు."

నెల్డా తల దించుకుంది. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

"ఎత్తు తల," అంది వాన్సీల్. "నా పుట్టినరోజు కేకు ఆ నీలం గులాబీలది. షార్లా కొన్నది, దాని మనసు కష్టపెట్టను. ఇది నాది కాదు, డ్యూయీది. కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే."

మొదటి ముక్క కోసి, కత్తి మొనతో పొరలు లెక్కపెట్టింది. "ఎనిమిది."

"తొమ్మిది!" నెల్డా కుర్చీలోంచి లేచింది.

"ఒకటి అడుగు మాడింది. దాన్ని నేను లెక్కపెట్టను."

"మిస్ ఓరా లెక్కపెట్టేది."

"మిస్ ఓరాకి కళ్ళు కనపడేవి కావు, పిల్లా."

ఆ ముక్కని ఇద్దరూ ఒకే ఫోర్కుతో, నిలబడే తిన్నారు. తర్వాత నాకూ ఒకటి పెట్టారు. పాకం చక్కగా ఇంకింది. మాడిన పొర కూడా చేదుగా ఏమీ లేదు. ఆ సాయంత్రం తిరిగి వస్తుంటే నెల్డా ఒళ్ళో పళ్ళెం లేదు, చేతులు ఖాళీ. మలుపు దాటకముందే కారులో తల వాల్చి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఇంటికొచ్చాక లేపబుద్ధి కాక, ఇంజను ఆపకుండా, చల్లగాలి అలాగే వదిలి కాసేపు కూర్చున్నాను.

పళ్ళేన్ని ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఇదీ ఇక్కడి మర్యాదే. అత్తిపళ్ళో, గుడ్లో, కనీసం నాలుగు టమాటాలో అందులో ఉండాలి. మూడు రోజుల తర్వాత మనవరాలి కారులోంచి వాన్సీల్ దిగినప్పుడు నెల్డా వెనక వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. తెల్ల పళ్ళెం పట్టుకుని వస్తున్న వాన్సీల్‌ని చూసి నేను కంచె ఇవతలే ఆగిపోయాను. పళ్ళెంలో ఏమీ లేదు.

నెల్డా కూడా చూసింది. "ఖాళీ పళ్ళెం తెచ్చావేంటి? అత్తగారు ఏం నేర్పింది నీకు?"

"ఖాళీగా రాకూడదనే కదా నేనొచ్చింది," అంది వాన్సీల్. చంకలోని సంచి తీసి మెట్ల మీద పెట్టింది. లోపల మిస్ ఓరా రేకు పళ్ళేలు, మూడు. "మగవాళ్ళ కొట్లాట మగవాళ్ళతో పోయింది. నీ పొయ్యి వెలిగించు. ఎవరూ పోలేదు, ఎవరిదీ పుట్టినరోజు కాదు, ఊరికే ఒకటి చేద్దాం."

నన్నూ పిలిచారు, పాత్రలు కడగడానికి. మొదటి పొరలు పొయ్యిలో పెట్టి, నెల్డా తెల్ల పళ్ళేన్ని తొట్టిలో బోర్లించి, అడుగున టేపు ముక్కని గోటితో గీకి తీయబోయింది.

"ఉండనియ్," అంది వాన్సీల్, పాకం గిన్నెలో పంచదార వంపుతూ. "ఎప్పటికైనా పనికొస్తుంది. నాకో నీకో."

"నాకైతే నువ్వు చేస్తావా కేకు? బూట్ల అట్టలు తినాలా నా పిల్లలు?"

"అందుకే నువ్వు ముందు పోవద్దంటున్నా. ఏయ్, మాటల్లో పడి ఆ పొర మర్చిపోయావు, ఏమంటోందో విను!"

నెల్డా పరుగెత్తి పొయ్యి తెరిచింది. రేకు పళ్ళెం తీసి ఎడమ చెవి దగ్గర పెట్టుకుంది. మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. సన్నగా, చిటపటమంటోంది.

"ఇంకా మాట్లాడుతోంది," అంది నెల్డా, దాన్ని మళ్ళీ లోపలికి తోస్తూ. "ఇంకొంచెం ఆగాలి."